భూకంపం బలాన్ని ఎలా కొలుస్తారు? కర్నూలులో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

2024 డిసెంబర్ 4న పొద్దున ఏడున్నరకు కాస్త ముందు ములుగు జిల్లాలో భూమి అదిరింది. ఆ రోజు నేను బడికి చేరేసరికి తొమ్మిదో తరగతి సగం వరండాలోనే నిలబడి ఉంది. "సార్, మీకు తెలిసిందా?" అని ఒకటే గోల. నాకేమీ తెలియలేదు. ఆ సమయానికి చేతిలో టీ గ్లాసు ఉంది, టీ తొణకను కూడా లేదు. మా పక్క బిల్డింగులో మూడో అంతస్తాయన మాత్రం సోఫా ఊగిందని ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. భౌతికశాస్త్రం చెప్పే పంతులును కాబట్టి అప్పటి నుంచి ఎక్కడ భూకంపం వచ్చినా ప్రశ్నలు నా దగ్గరికే వస్తున్నాయి. 2025 జూలైలో రష్యాలోని కంచట్కా దగ్గర 8.8 వచ్చినప్పుడైతే స్టాఫ్ రూములో పాఠమే చెప్పాల్సి వచ్చింది. ఆ ప్రశ్నలూ నా జవాబులూ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. పుస్తకాల వరసలో కాదు, జనం అడిగే వరసలో.

పేపర్లో "రిక్టర్ స్కేలుపై తీవ్రత 5.3" అని రాశారు. అంత తీవ్రత ఉంటే కర్నూలులో మాకెందుకు తెలియలేదు?

గొడవంతా ఆ 'తీవ్రత' అనే మాటలోనే ఉంది. మన పత్రికలు రెండు వేరువేరు సంగతులకు ఈ ఒక్క మాటే వాడేస్తాయి. భూకంపం పుట్టిన చోట మొత్తం ఎంత బలం బయటపడిందో చెప్పేది ఒకటి. దాన్ని మాగ్నిట్యూడ్ అంటారు, పాఠ్యపుస్తకాల తెలుగులో 'పరిమాణం'. మీరున్న చోట నేల ఎంత గట్టిగా ఊగిందో చెప్పేది రెండోది. అది ఇంటెన్సిటీ. నిజానికి 'తీవ్రత' అనాల్సింది దీన్నే. ఒక భూకంపానికి పరిమాణం ఒక్కటే ఉంటుంది. తీవ్రతలు మాత్రం ఊరికొకటి, ఒక్కోసారి వీధికొకటి.

తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు సున్నపురాయి గనుల దగ్గర పెరిగినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గనిలో ఎంత మందు పెట్టి పేల్చారన్నది పరిమాణం. గని గట్టున నిలబడ్డవాడి గుండె ఝల్లుమనడం, రెండు మైళ్ల అవతల కిటికీ రెక్క టకటకలాడటం, పక్క మండలంలో ఎవరికీ ఏమీ తెలియకపోవడం, ఇవి మూడూ తీవ్రతలు. మందు లెక్క మారదు, మీరు నిలబడ్డ చోటు మారుతుంది. ములుగు మనకు మూడువందల యాభై కిలోమీటర్ల పైమాటే. పరిమాణం 5.3 అన్నది కర్నూలుకూ హైదరాబాద్‌కూ ఒకటే, తీవ్రత ఒకటి కాదు.

ఇక్కడి నుంచి కింద నేను 'పరిమాణం' అంటే మాగ్నిట్యూడ్ అనే అర్థం చేసుకోండి.

అయితే తీవ్రతను ఏ మీటరుతో కొలుస్తారు?

చాలాకాలం మీటరే లేదు, మనుషుల్నీ గోడల్నీ అడిగి తెలుసుకునేవాళ్లు. ఇటలీకి చెందిన మెర్కాలీ పేరుతో ఉన్న కొలతలో పన్నెండు మెట్లు ఉంటాయి. వాటిని రోమన్ అంకెల్లో రాస్తారు, పరిమాణంతో కలిసిపోకుండా. మన దేశంలో 1964 నాటి ఎంఎస్‌కే అనే కొలత కూడా వాడుకలో ఉంది. అందులోనూ మెట్లు పన్నెండే.

ఆ మెట్లను మన ఇళ్లకు అన్వయిస్తే ఇలా ఉంటుంది. రెండో మెట్టు అంటే పై అంతస్తులో కదలకుండా పడుకున్న వాళ్లలో ఏ కొద్దిమందికో తెలుస్తుంది. నాలుగో మెట్టులో గూట్లో స్టీలు గిన్నెలు గలగలమంటాయి, వీధిలో లోడు లారీ వెళ్లిందేమో అనుకుంటారు. ఐదులో నిద్రపోతున్నవాళ్లు చాలామంది లేచి కూర్చుంటారు. ఆరులో అందరికీ తెలుస్తుంది, గచ్చు పెచ్చులు రాలతాయి, భయంతో బయటికి పరుగెత్తుతారు. ఎనిమిదికి వచ్చేసరికి మట్టితో కట్టిన రాతి గోడలు నిలవవు. పన్నెండు అంటే నిలబడినది ఏదీ మిగలదు.

ఇప్పుడు నేల ఎంత వేగంగా కుదుపుకు లోనైందో కొలిచే పరికరాలు ఉన్నాయి. ఆ కుదుపును భూమి ఆకర్షణతో పోల్చి, ఇందులో ఎన్నో వంతు అని చెబుతారు. ఇంజనీర్లు బిల్డింగు డిజైన్‌కు వాడుకునేది ఈ అంకెనే, పత్రికలో వచ్చే 5.3ను కాదు.

రిక్టర్ స్కేలు అనే పరికరం ఎక్కడుంటుంది? హైదరాబాద్‌లో ఉందా?

ఎక్కడా ఉండదు. ఈ ప్రశ్న మాత్రం ఏటా వస్తుంది. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐలో (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ఉండేది సీస్మోగ్రాఫ్, అంటే నేల కదలికను గీసే యంత్రం. రిక్టర్ స్కేలు అనేది ఆ గీతను చూసి వేసే లెక్క.

1935లో అమెరికాలోని కాలిఫోర్నియాలో చార్లెస్ రిక్టర్ ఈ లెక్క కట్టాడు. ఆయనతో కలిసి పనిచేసిన బెనో గూటెన్‌బర్గ్‌కూ ఇందులో పెద్ద వాటా ఉంది, పేరు మాత్రం రిక్టర్‌కే దక్కింది. అప్పట్లో అక్కడ ఒకే రకం సీస్మోగ్రాఫులు వాడేవారు. భూకంపం నుంచి వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ యంత్రంపై గీత ఒక మిల్లీమీటరు ఎత్తుకు లేస్తే ఆ భూకంపం పరిమాణం 3 అనుకుందాం అన్నాడు. పది మిల్లీమీటర్లు లేస్తే 4, వంద లేస్తే 5. యంత్రం నేల కదలికను రెండువేల రెట్ల పైగా పెంచి గీస్తుంది కాబట్టి, ఆ ఒక్క మిల్లీమీటరు వెనుక నేల నిజంగా కదిలింది మిల్లీమీటరులో రెండువేలో వంతు కూడా ఉండదు.

ఒక్కో అంకెకు పది రెట్లు ఎందుకు పెట్టాడంటే, భూకంపాల మధ్య తేడాలు అంత విపరీతంగా ఉంటాయి. అదే పద్ధతిలో నేరుగా గీసుకుంటూ పోతే 6కు మీటరు కాగితం కావాలి, 8కి వంద మీటర్లు. కొండారెడ్డి బురుజు మీద నిలబడి వేలాడదీసినా ఆ కాగితం సగం కింద పోగుపడుతుంది. మాగ్నిట్యూడ్ అనే మాటను ఖగోళశాస్త్రం నుంచి తెచ్చుకున్నారు, నక్షత్రాల వెలుగును వాళ్లు అలాగే లెక్కేస్తారు.

ఇంకొకటి. స్కేలు పదితో ఆగుతుందని చాలామంది అనుకుంటారు, పది మార్కులకు పరీక్ష పెట్టినట్టు. దీనికి పైన హద్దు లేదు. కింద కూడా లేదు. గనుల్లో పెట్టే సున్నితమైన యంత్రాలు సున్నాకన్నా తక్కువ పరిమాణాలను కూడా పట్టుకుంటాయి.

6కూ 7కూ తేడా ఒక్కటే కదా, దానికింత హడావిడి ఎందుకు?

గీత ఎత్తులో పది రెట్లు. భూకంపం బయటికి వదిలే శక్తిలో మాత్రం దాదాపు 32 రెట్లు. రెండు అంకెల తేడా వస్తే వెయ్యి రెట్లు. 0.2 పెరిగినా శక్తి రెట్టింపు అవుతుంది. అందుకే 7.8ని 8గా సర్ది చెప్పడం చిన్న తప్పు కాదు.

పిల్లలకు ఇది అంకెల్లో ఎక్కలేదు. ఓ రోజు కరెంటు యూనిట్లలోకి మార్చి బోర్డు మీద వేశాను. ఓర్వకల్లు దగ్గరి సోలార్ పార్కు వెయ్యి మెగావాట్లది. అది రాత్రీ పగలూ తేడా లేకుండా పూర్తి సామర్థ్యంతో పనిచేస్తుందనుకుందాం (నిజంగా అలా పనిచేయదు, రాత్రి సూర్యుడు ఉండడు అని వెనక బెంచీ వాడు వెంటనే అన్నాడు). ములుగు భూకంపం 5.3 తరంగాల రూపంలో వదిలిన శక్తికి సమానమైన కరెంటు ఇవ్వడానికి ఆ పార్కుకు గంటన్నర చాలు. 1993 నాటి లాతూరు భూకంపం 6.2కు 35 గంటలు. 2004 డిసెంబర్ 26న సునామీ తెచ్చిన సుమత్రా భూకంపం 9.1కు ఎంత పడుతుందో చెప్పమంటే పది రోజులు, నెల అన్నారు. లెక్క తేలింది 89 ఏళ్లు. 1960లో చిలీలో వచ్చిన 9.5కు 350 ఏళ్లు దాటుతుంది. క్లాసు కాసేపు చప్పుడు చేయలేదు.

5.3, 6.2, 9.1 అని పక్కపక్కన రాస్తే అన్నీ ఒకే వీధి వాళ్లలా కనిపిస్తాయి. గంటన్నర, ఒకటిన్నర రోజు, 89 ఏళ్లు అని రాస్తే అసలు తేడా తెలుస్తుంది.

పెద్ద భూకంపాలకు రిక్టర్ స్కేలు పనికిరాదని చదివాను. నిజమేనా?

నిజం. ఏడు దాకా రాకముందే అది తడబడుతుంది. కారణం తెలుసుకోవాలంటే ఒకసారి గుంతకల్లు పోదాం.

రాత్రిపూట పట్టాల పక్కన ఇంట్లో పడుకుని ఉన్నారు. గూడ్సు పోతోంది. ఒక్కో వ్యాగన్ పట్టాల అతుకు దాటేటప్పుడు 'దడదడ' అని ఒక చప్పుడు. ఇరవై వ్యాగన్ల బండికైనా, అరవై వ్యాగన్ల బండికైనా ఆ దడదడ ఒకే గట్టిగా వినిపిస్తుంది. బండి పొడవు పెరిగితే చప్పుడు పెరగదు, చప్పుడు వినిపించే సేపు పెరుగుతుంది. చెవికి తగిలిన అతి పెద్ద దడదడను బట్టి బండి పొడవు చెప్పమంటే ఎవడి వల్లా కాదు.

రిక్టర్ పద్ధతి చేసేది అదే, గీతలో అతి ఎత్తయిన శిఖరాన్ని చూడటం. ఆ యంత్రాలు పట్టేది సెకనుకు అటూ ఇటూ ఉండే వేగమైన కదలికల్ని. భూకంపమంటే నేల లోపలి పగులు ఒక చివర మొదలై రెండో చివర దాకా చిరుగుతూ పోవడం. ఒక్కో ముక్క విరిగినప్పుడు వచ్చే వేగమైన కుదుపు ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంటుంది. పగులు పది కిలోమీటర్లు పోయినా, వెయ్యి కిలోమీటర్లు పోయినా శిఖరం ఎత్తు ఒక హద్దు దాటదు. దీన్నే శాస్త్రవేత్తలు శాచురేషన్ అంటారు.

తర్వాత ఇరవై సెకన్లకోసారి ఊగే ఉపరితల తరంగాలతో ఇంకో స్కేలు కట్టారు. అది ఎనిమిది దాటాక తడబడింది. 1960 చిలీ భూకంపానికి ఆ లెక్కలో ఎనిమిదిన్నర లోపే వచ్చింది. 1964 అలాస్కా భూకంపానికీ అంతే, 8.4. ఈ రెండూ ఒకటే సైజు అని లోకమంతా కొన్నేళ్లు నమ్మింది. నిజానికి చిలీది 9.5, అలాస్కాది 9.2. శక్తిలో మూడు రెట్ల తేడా.

మరి ఇప్పుడు ఏ లెక్క వాడుతున్నారు?

మూమెంట్ మాగ్నిట్యూడ్. గీతను వదిలేసి పగులునే కొలవడం దీని కిటుకు. జపాన్ శాస్త్రవేత్త కెయీతి అకి 1966లో దారి చూపించాడు. 1964లో జపాన్‌లోని నీగాతాలో వచ్చిన భూకంపం మీద ఆయన ఆ లెక్క వేశాడు. దాన్ని అందరికీ అలవాటైన అంకెల్లోకి మార్చినవాళ్లు హీరూ కనమోరి, థామస్ హ్యాంక్స్. 1977లో కనమోరి, 1979లో ఇద్దరూ కలిసి. పాత రిక్టర్ అంకెలతో మధ్య స్థాయిలో సరిపోయేలా జాగ్రత్తగా కట్టారు కాబట్టే పత్రికలవాళ్లకు ఇప్పటికీ మార్పు జరిగిందని తెలియదు. కంచట్కా 8.8ను కూడా రిక్టర్ స్కేలు మీదే ఎక్కించారు!

లెక్క మూడు అంకెల గుణకారం. పగిలిన పలక వైశాల్యం ఎంత, రెండు వైపులా రాయి సగటున ఎంత దూరం జారింది, ఆ రాయి ఎంత గట్టిది. బేతంచర్లలో నాపరాయి బండ జరిపే కూలీని అడిగితే ఇదే చెబుతాడు. ఎంత పెద్ద బండ, ఎంత దూరం జరపాలి, కింద ఎంత పట్టు ఉంది అని అడిగాకే రేటు చెబుతాడు.

2011 మార్చి 11న జపాన్ తూర్పు తీరంలో పగిలిన భాగం పొడవు నాలుగైదు వందల కిలోమీటర్లు, వెడల్పు రెండువందలు. గుణిస్తే దాదాపు 90 వేల చదరపు కిలోమీటర్లు. పాత కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు జిల్లాలు నాలుగూ కలిపితే 67 వేలు. అంటే మొత్తం రాయలసీమకన్నా పెద్ద పలక. అది సగటున పది మీటర్లు జారింది, సముద్రంలోని అగడ్త దగ్గర యాభై మీటర్ల దాకా కూడా జారింది. ఈ అంకెలు వేసి చూడండి, 9.0 వస్తుంది. అదే నూరు చదరపు కిలోమీటర్ల పగులు మీటరు లోపు జారితే వచ్చేది 6.2. అది లాతూరు భూకంపం సైజు.

నేల లోపల ఎంత పగిలిందో, ఎంత జారిందో ఎవరు చూసొచ్చారు?

మంచి ప్రశ్న, దీన్ని నన్ను ఒక రైతు అడిగాడు. బోరు వేస్తే వెయ్యి అడుగుల కింద ఏముందో చెప్పలేని వాళ్లు ముప్పై కిలోమీటర్ల కింద జారింది ఎలా చెబుతారని ఆయన అనుమానం.

గూడ్సు బండి ఉదాహరణలోకే మళ్లీ రావాలి. చివరి వ్యాగన్ దాకా వింటే పొడవు తెలుస్తుంది. పెద్ద పగులు నుంచి చాలా నెమ్మదైన తరంగాలు పుడతాయి. ఒక్కసారి లేచి దిగడానికి రెండు, మూడు, ఐదు నిమిషాలు తీసుకునేవి. ఇవి మనకు తెలియవు, గిన్నెలు కదలవు. వేగమైన ఊపునూ నెమ్మది ఊపునూ రెంటినీ గీసే ఇప్పటి బ్రాడ్‌బ్యాండ్ సీస్మోమీటర్లు మాత్రం వీటిని పట్టుకుంటాయి. 'ఇంత పగులు ఇంత జారితే ప్రపంచంలోని ఈ ఈ స్టేషన్లలో ఎలాంటి గీత రావాలి' అని కంప్యూటర్‌లో వేసి, నిజంగా వచ్చిన గీతలతో సరిపోయేదాకా సవరిస్తారు. దానికి తోడు నేలలో పాతిన జీపీఎస్ గుర్తులు ఎంత పక్కకు జరిగాయో, ఉపగ్రహం రాడార్‌తో తీసిన ముందు వెనుక బొమ్మల్లో నేల ఎంత లేచిందో కుంగిందో చూస్తారు. ఈ దారులన్నీ ఒకే అంకె దగ్గరికి చేరితేనే నమ్మకం.

2004లో పగులు సుమత్రా దగ్గర మొదలై అండమాన్ దాటి దాదాపు 1,250 కిలోమీటర్లు పోయింది. కర్నూలు నుంచి నేరుగా ఉత్తరానికి గీత గీస్తే ఆగ్రా దాకా వస్తుంది, అంత పొడవు. చిరగడానికే ఎనిమిది నుంచి పది నిమిషాలు పట్టింది. ఆ దెబ్బకు భూగోళం మొత్తం గుడిగంటలా మోగింది. చెవికి వినిపించే మోత కాదు, ఒక్కో ఊపు నిమిషాల తరబడి సాగేది. భూమ్మీద ప్రతిచోటా నేల సెంటీమీటరు దాకా లేచి దిగింది. మన ఊరు కూడా. ఆ ఆదివారం పొద్దున కర్నూలులో ఎవరికీ అది తెలియలేదు. 9.1 పరిమాణం ఉన్న భూకంపం మన కాళ్ల కింద నుంచే పోయింది, తీవ్రత మాత్రం లెక్కకు రానంత.

మొదట 7.9 అంటారు, సాయంత్రానికి 8.8 అంటారు, మర్నాడు 9 అంటారు. ఏమైనా దాస్తున్నారా?

దాచడం కాదు, బండి ఇంకా వెళ్తూనే ఉంటే పొడవు చెప్పమని మనం తొందర పెట్టడం. జపాన్‌లో 2011లో మూడు నిమిషాల్లోనే 7.9 అని ప్రకటించారు. దాన్ని బట్టి మియాగి తీరానికి ఆరు మీటర్లు, ఇవాతే, ఫుకుషిమాలకు మూడు మీటర్ల అల వస్తుందని హెచ్చరించారు. వచ్చిన అలలు అంతకన్నా చాలా పెద్దవి. దగ్గరి బ్రాడ్‌బ్యాండ్ యంత్రాలు ఆ ఊపుకు హద్దు దాటిపోయి కొలవలేకపోయాయి. అంకె 8.4, 8.8 మీదుగా రెండు రోజులకు 9.0 అయింది. 2004లోనూ పసిఫిక్ హెచ్చరిక కేంద్రం మొదట చెప్పింది 8.0, గంట తర్వాత 8.5. నిజానికి 8.0కూ 9.1కూ శక్తిలో 45 రెట్ల తేడా ఉంది.

ఈ అనుభవాల తర్వాతే నెమ్మది తరంగాలను త్వరగా చదివే పద్ధతులు వాడుకలోకి వచ్చాయి. ఇప్పుడు ఇరవై నిమిషాల అటూ ఇటూగా నమ్మదగిన అంకె వస్తోంది. మన దేశానికి సునామీ హెచ్చరిక కేంద్రం 2007లో మొదలైంది. సముద్రం లేని హైదరాబాద్‌లో, ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రంలో ఉంది.

ఇంకో రకం తేడా కూడా ఉంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపానికి మనవాళ్లు 6.9 అన్నారు, అమెరికా వాళ్లది చివరికి 7.7 దగ్గర నిలిచింది. స్కేళ్లు వేరు. తూకం రాళ్లతో తూచినవాడూ, కొలపాత్రతో కొలిచినవాడూ ఒకే అంకె చెప్పరు. పత్రికలో ఏ స్కేలో రాస్తే సగం అనుమానాలు తీరేవి.

ఎంత దూరంలో వచ్చిందో ఒక్క యంత్రంతో తెలుస్తుందా?

దూరం తెలుస్తుంది, దిక్కు తేల్చడానికి ఇంకా రెండైనా కావాలి. మొదట పీ తరంగం వస్తుంది, అది రాయిని ముందుకూ వెనక్కూ తోసే వేగమైన తరంగం; వెనకాల ఎస్ తరంగం, అది రాయిని పక్కలకు ఊపే నెమ్మదైనది. రెంటి మధ్య ఎన్ని సెకన్లో చూసి ఎనిమిదితో గుణిస్తే సుమారుగా కిలోమీటర్లు. 1993లో లాతూరు భూకంపం పుట్టిన కిల్లారి మనకు 290 కిలోమీటర్లు కాబట్టి ఆ రోజు కర్నూలులో యంత్రం ఉండి ఉంటే 36 సెకన్ల ఎడం చూపించేది. ఈ తరంగాలను వేరువేరుగా గుర్తించిన ఓల్డ్‌హామ్ మన దేశపు భూగర్భ సర్వేలో పనిచేసినవాడే. 1897 అస్సాం భూకంపం రికార్డులు చూసి చెప్పాడు.

ఇప్పటిదాకా అన్నిటికంటే పెద్దది ఏది? పది వస్తుందా?

కొలిచినవాటిలో 1960 మే 22న చిలీలో వచ్చిన 9.5. దాని సునామీ పదిహేను గంటలకు హవాయిని, దాదాపు ఒక రోజుకు జపాన్‌ను తాకి అక్కడా ప్రాణాలు తీసింది. 1900 తర్వాత 9 గానీ అంతకుమించి గానీ వచ్చినవి ఐదే. 1952 కంచట్కా, 1960 చిలీ, 1964 అలాస్కా, 2004 సుమత్రా, 2011 జపాన్. మన దేశం పక్కన నేల మీద వచ్చినవాటిలో 1950 ఆగస్టు 15 నాటి అస్సాం–టిబెట్ భూకంపం 8.6.

పదికి 9.5 కన్నా ఐదారు రెట్ల శక్తి కావాలి. అంత పగలడానికి వేల కిలోమీటర్ల పొడవున ఆగకుండా చిరిగే పగులు ఉండాలి. అలాంటిది మనకు తెలిసినంతలో లేదు. 'పన్నెండు వస్తే భూమి రెండుగా చీలుతుంది' అని వాట్సాప్‌లో తిరిగేది చూసి నిద్ర పాడుచేసుకోకండి.

యంత్రాలు లేని కాలం నాటి భూకంపానికి అంకె ఎలా వేస్తారు?

మన దేశంలో మొదటి సీస్మోగ్రాఫులు 1890ల చివర్లో వచ్చాయి. కొడైకెనాల్‌లో 1899లో పెట్టారు. అంతకు ముందువాటికి పాత కాగితాలూ, కూలిన గోడలూ, నేలా సాక్ష్యం. నాకు బాగా నచ్చినది 1700 జనవరి 26 కథ. జపాన్ తేదీ ప్రకారం మర్నాటి రాత్రి అక్కడి తీరంలో భూమి అదరకుండానే సునామీ వచ్చింది. ఊళ్లవాళ్లు వరి పాడైందని, ఇళ్లు పోయాయని రాసిపెట్టారు. మూడువందల ఏళ్ల తర్వాత అమెరికా పడమటి తీరంలో ఉప్పునీటిలో మునిగి చచ్చిన చెట్ల వలయాలు లెక్కపెడితే అవి 1699–1700 చలికాలంలోనే చచ్చాయని తేలింది. ఆ అల ఎత్తునుబట్టి, పసిఫిక్ అవతల పుట్టిన ఆ భూకంపం దాదాపు 9 అని లెక్కకట్టారు.

పాత అంకెలు మారుతూనే ఉంటాయి. 1897 అస్సాం భూకంపాన్ని చాలాకాలం 8.7 అని రాశారు, తర్వాత 8.1 దగ్గరికి దించారు.

పరిమాణం పెద్దదైతే చావులు కూడా ఎక్కువేనా?

కాదు. 2010లో ఆరేడు వారాల తేడాతో రెండు భూకంపాలు వచ్చాయి. హైతీలో 7.0, చిలీలో 8.8. చిలీది శక్తిలో అయిదువందల రెట్లు. చిలీలో చనిపోయినవాళ్లు అయిదువందల పైచిలుకు, హైతీలో లక్షకు పైనే. 2013 మేలో రష్యా పక్క ఓఖోట్స్క్ సముద్రం కింద 8.3 వచ్చింది, మాస్కోలో కూడా తెలిసింది, చెప్పుకోదగ్గ నష్టం లేదు. ఎందుకంటే అది ఆరువందల కిలోమీటర్ల లోతులో పుట్టింది.

నేల సంగతీ ఉంది. 1985లో మెక్సికో తీరాన వచ్చిన 8.0 మూడువందల యాభై కిలోమీటర్ల దూరంలోని మెక్సికో సిటీని కూల్చింది. ఆ నగరం ఎండిన చెరువు బురద మీద కట్టింది. బురద ఊపును పెంచి చాలాసేపు ఆడించింది. మన దగ్గర బండ మీద కట్టిన ఇంటికీ, తుంగభద్ర ఒడ్డున లోతైన మెత్తటి మట్టిలో కట్టిన ఇంటికీ ఒకే తీవ్రత రాదు.

కానీ రాయలసీమవాళ్లం అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది కిల్లారిని. 1993 సెప్టెంబర్ 30, తెల్లవారుజాము నాలుగు కాకముందు. వినాయక నిమజ్జనం చేసి వచ్చి పడుకున్న జనం. పరిమాణం 6.2 మాత్రమే. అంతటివీ, అంతకన్నా పెద్దవీ ప్రపంచంలో ఏటా నూరు దాకా వస్తుంటాయి. పదివేలమంది దాకా చనిపోయారు. పగులు చాలా పైపైన ఉంది, సరే. చంపింది మాత్రం ఇళ్లు. గుండ్రాళ్లు మట్టితో పేర్చిన రెండడుగుల మందం గోడలు, పైన దూలాల మీద అడుగులకొద్దీ మట్టి.

ఆ ఫోటోలు చూసినప్పుడు నాకు పత్తికొండ వైపు మా అమ్మమ్మ వాళ్ల మిద్దె గుర్తొచ్చింది. అదే రాయి, అదే మట్టి, పైన చవుడు. ఏటా వానలకు ముందు ఇంకో పొర చవుడు వేసేవాళ్లు, పాతది తీసేవాళ్లు కాదు. ఎండాకాలం లోపల చల్లగా ఉంటుంది, ఆ హాయి ఏ స్లాబు ఇంట్లోనూ రాదు. ఆ బరువు మాత్రం తల మీదే ఉంటుంది. ఇప్పటికీ అలాంటి మిద్దెల్లో ఉన్నవాళ్లు పాత చవుడు కొంతైనా తీయించి బరువు తగ్గించుకోండి. గోడ మూలల్లో రెండు వైపుల రాళ్లనూ కట్టి పట్టే పొడవాటి రాయి పెట్టించండి.

మన కర్నూలు, అనంతపురానికి ప్రమాదం లేదంటారు కదా?

భూకంప ప్రమాదాన్ని బట్టి దేశాన్ని విడగొట్టిన 2002 నాటి జోన్ల పటంలో కర్నూలూ అనంతపురమూ రెండో జోన్‌లో ఉన్నాయి. అంటే ఉన్నవాటిలో కింది మెట్టు. కానీ జోన్ అన్నది 'భూకంపం రాదు' అనే సర్టిఫికెట్ కాదు. ఏ స్థాయి ఊపుకు ఇల్లు కట్టుకోవాలో చెప్పే అంకె అది. కిల్లారి కూడా 1993కు ముందు అన్నిటికంటే కింది జోన్‌లోనే ఉండేది. ఆ భూకంపం తర్వాతే దాన్ని మూడులోకి మార్చారు, ఒకటో జోన్‌ను పూర్తిగా ఎత్తేశారు.

శ్రీశైలం నిండితే భూకంపం వస్తుందా?

1967 డిసెంబర్‌లో మహారాష్ట్రలోని కోయినాలో ఆరు దాటిన భూకంపం రిజర్వాయర్ వల్లే ప్రేరేపించబడిందని శాస్త్రవేత్తలు ఎక్కువమంది ఒప్పుకుంటారు. అన్ని డ్యాముల కిందా అలాంటి పగులు ఉండదు. శ్రీశైలం 885 అడుగులకు ఎన్నోసార్లు నిండింది, 2009 అక్టోబర్‌లో 896 దాటింది. ఆ రోజు కర్నూలును ముంచింది నీళ్లే.

మా ఊళ్లో మధ్యాహ్నం ఇల్లు అదురుతుంది. రోజూ భూకంపమేనా?

రోజూ ఒకే వేళకు, ఆదివారం సెలవు తీసుకునే భూకంపం ఉండదు, అది క్వారీ బ్లాస్టింగ్. గీతలో కూడా తేడా తెలుస్తుంది. పేలుడు అన్ని దిక్కులకూ ఒకేసారి తోస్తుంది కాబట్టి పీ తరంగం బలంగా, ఎస్ తరంగం నీరసంగా ఉంటుంది. భూకంపంలో రాయి పక్కకు జారుతుంది, ఎస్ పెద్దది. మా బంధువుల ఇంటి గోడ ఒకటి ఇలాగే బీటలు వారింది. గని వాళ్లను అడిగితే 'భూకంపమేమో సార్' అన్నారు. తేదీ, టైము, ఎంతసేపు, ఏం కదిలింది అని మూడు నెలలు నోటుబుక్కులో రాసిపెట్టమన్నాను. ఆ పుస్తకం చూపించాక భూకంపం మాట మళ్లీ ఎత్తలేదు.

ఏదైనా అదిరితే నేను ఎవరికి, ఏమని చెప్పాలి?

ఢిల్లీలోని జాతీయ భూకంప కేంద్రానికి 'భూకంప్' అని యాప్ ఉంది. అమెరికా భూగర్భ సర్వే వాళ్ల వెబ్‌సైట్‌లోనూ మీకు తెలిసిందా అని అడిగే ఫారం ఉంది. 'చాలా గట్టిగా ఊగింది' అని రాస్తే ఎవరికీ పనికిరాదు. ఏ టైము, ఏ అంతస్తు, కూర్చున్నారా పడుకున్నారా, ఏ వస్తువు కదిలింది, ఏది కదల్లేదు అని రాయండి. ఏమీ తెలియకపోయినా తెలియలేదని రాయండి, తీవ్రత పటం గీయడానికి అది కూడా కావాలి. ములుగు రోజున నా టీ గ్లాసు సంగతి అలా పనికొచ్చేదే.

కిల్లారి రాత్రి మా జేజి మిద్దె మీద నులక మంచంలో పడుకుని ఉంది. తెల్లారాక కిందికి దిగి, "ఎవడో మంచం కోడు పట్టుకుని ఊపినాడు, లేచి చూస్తే ఎవురూ లేరు" అంది. కలగన్నావులే అని మా నాన్న నవ్వేశాడు. కింద ఇంట్లో పడుకున్న మాకెవరికీ మెలకువ రాలేదు. పొద్దున రేడియోలో వార్త వచ్చాక ఆయనే వెళ్లి, "మంచం ఎటువైపు ఊగింది జేజీ అని పిల్లోడు అడుగుతున్నాడు" అని నన్ను అడ్డం పెట్టుకుని మళ్లీ చెప్పించుకున్నాడు. మేడ మీద పడుకున్న కొద్దిమందికే తెలియడం, కింద ఉన్నవాళ్లకు తెలియకపోవడం. మెర్కాలీ మెట్లలో అది రెండు.